చివరి దుకాణం ముందు నీళ్లు

మా కాంప్లెక్స్ మీటింగులో నేను లేచి నిలబడగానే అందరికీ ఫోన్లు వస్తాయి. వానాకాలం నుంచీ ఇదే వరస. నవ్వేవాళ్లు నవ్వారు, చాయ్ తాగించి పంపేవాళ్లు పంపారు, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. అక్కడ చెప్పనివ్వనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

పాతబస్తీలో మాది గాజుల దుకాణం. బోర్డు మీద పేరు నాదే అయినా గిరాకీ మా ఆవిడది. ఎంత బిగువు గాజునైనా చెయ్యి నొవ్వకుండా ఎక్కిస్తుంది. పెళ్లికూతుళ్లు వచ్చి, నన్ను చూసి, "ఆంటీ లేదా?" అని అడిగి వెళ్లిపోతారు.

మా దుకాణాల వరసకూ రోడ్డుకూ నడుమ నడవడానికి ఒక దారి ఉంది. ఇదివరకు దాని మీద గరుకు షాబాద్ బండలుండేవి. కొత్త సెక్రటరీ వచ్చాక, కాంప్లెక్స్‌కు అందం రావాలని వాటిని పీకించి నున్నటి నల్ల గ్రానైట్ వేయించాడు. వంగితే మొహం కనబడుతుంది. ఇంటి లోపల వేసుకునే రాయి ఆరుబయట ఎందుకని ఆరోజే అడిగాను. "నీకు మంచిది ఏదన్న నచ్చుతదా అన్నా?" అన్నాడు. ఆ మాట కూడా గుర్తుంది.

ఇక మావాళ్ల అలవాటు. షట్టర్ ఎత్తగానే ఎవరి గడప ముందు వాళ్లు సబ్బునీళ్లతో కడిగి అగరుబత్తి వెలిగిస్తారు. లక్ష్మి వచ్చే చోటు శుభ్రంగా ఉండాలి కదా. ఆ నీళ్లు రోడ్డు పక్క మోరీలోకి, అదే మురుగు కాలువలోకి పోవాలి. పోవు, ఎందుకంటే దారి వాలు మా దుకాణం వైపుంది. మొదటి దుకాణంవాడు వైపరుతో పక్కవాడి ముందుకు నెడతాడు, వాడు ఆ పక్కవాడి ముందుకు. ఎవరి ముందు వాళ్లకు పొడి. చివరిది మాది. అందరి సబ్బూ, నిన్నటి పూలరేకులూ, దీపం నూనే మా ముందుకొచ్చి ఆగుతాయి. ఎండ తగలని మూల పాచి కూడా కట్టింది.

రాయి వేసినప్పుడు వాలు మా వైపే ఎందుకు పెట్టారు? మేస్త్రీ తప్పా, ఎవరైనా చెప్పి చేయించారా? మొదటిది సెక్రటరీ చీరల దుకాణం. నేనింకేమీ అనను.

శ్రావణంలో ఒక పొద్దున మా ఆవిడ నాకంటే ముందు నడిచి, మా షట్టర్ ముందే జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. గాజులెక్కించే చెయ్యి.

నేను సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. చీరలు మడతపెడుతూనే మాట్లాడాడు.

"భాభీ చెప్పులు అరిగినయేమో అన్నా."

"చూసిన. అడుగు కొత్తగనే ఉన్నది. తెస్తా, చూస్తవా?"

"చెప్పులు తెచ్చి నా గల్లా మీద పెడతవా ఏంది?"

"నీళ్లు ఎవరు నూకిన్రో మన కాంప్లెక్స్ సీసీ కెమెరాల చూపియ్యి, చాలు."

"గా దినం కెమెరా బంద్ ఉండె."

పక్కన కూర్చున్న అత్తరు దుకాణం భాయ్ నవ్వాడు. "అరె చాచా, పానీ మీద భీ కేస్ ఏస్తవా?"

ఆ వారమే ఎవరిదో స్కూటరు అద్దం పోతే, అదే కెమెరాలో దొంగ మొహం దొరికింది. మా ఆవిడ పడ్డ పూట మాత్రం దానికి నిద్ర పట్టిందట!

తర్వాత ఒకరోజు మా ముందు రబ్బరు పట్టా ప్రత్యక్షమైంది. సంతోషించాను. మధ్యాహ్నం మున్సిపాలిటీ నుంచి ఎవరో దారి తనిఖీకి వచ్చి, సెక్రటరీతో చాయ్ తాగి, ఫోటో తీసుకుని వెళ్లారు. సాయంత్రానికి పట్టా లేదు. అడిగితే "ఏ పట్టా?" అన్నారు.

అప్పటినుంచి రోజూ అందరికంటే ముందే వెళ్లి నిలబడుతున్నాను. నేనున్నంతసేపు ఎవరూ వైపరు ముట్టరు. "డ్యూటీ ఎక్కినవా సాబ్?" అని సలాం కొడతారు. లోపలికి పోయి దేవుడికి దండం పెట్టుకుని వచ్చేసరికి బండ తడి. ఒకరికొకరు సైగ చేసుకుంటున్నారనే నా అనుమానం.

రాయి పీకమని నేననలేదు. గాట్లు కొట్టించి గరుకు చేయించమన్నాను, వాలు మోరీ వైపు తిప్పించమన్నాను, అందాకా ఎవరి నీళ్లు వాళ్లు బకెట్లోకి ఎత్తుకోమన్నాను.

మొన్న కట్టు విప్పారు. మా ఆవిడ ఇంట్లో నా చేతికే గాజులెక్కించి చూసుకుంది. మెల్లగా ఎక్కాయి. పగల్లేదు.

"రేపటి నుంచి దుకాణానికి రా మరి" అన్నాను.

"ఆ బండ అట్లనే ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే నేను రాను. ఇంకోపారి పడితే ఈ చెయ్యి మల్ల లేవది."

సెక్రటరీ గారూ, రేపు పొద్దున మీ చీరల దుకాణానికి వస్తున్నాను. పెళ్లిళ్ల రోజులు దగ్గర పడ్డాయి, ఆమె ఇంట్లోనే కూర్చుని ఉంది. ఆ బండకు గాట్లు కొట్టిస్తారా, కొట్టించరా? ఔనో కాదో నా మొహం మీద చెప్పండి.