సింకు కింద బావగారు

శౌరయ్య ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో గంజి చుక్క వృథా పోలేదు. పొద్దున్నే భార్య సంపూర్ణమ్మ అన్నం వార్చిందంటే, ఆ గంజిలో ఇంత ఉప్పేసుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, గడప మీద కూర్చుని తాగేవాడు. ఆ తర్వాతే వన్ టౌన్‌లో బెల్లం కొట్టుకు కాటా వేయడానికి వెళ్లేవాడు. ఆయన గుండె ఆగి పోయాక గంజి తాగే మనిషి లేడు. కొన్నాళ్లు సంపూర్ణమ్మ దాన్ని పొయ్యి పక్కనే పెట్టి, మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చునేది. తర్వాత చూడలేక, పొగలు కక్కుతుండగానే సింకులో కుమ్మరించడం మొదలుపెట్టింది. మనిషే పోయాక గంజి ఎటు పోతేనేం?

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం వంటింట్లో కాలు పెడితే చల్లగా తగిలింది. సింకు కింద పైపు కారి నేలంతా మడుగు కట్టింది. గుడ్డ పెట్టి తుడుస్తుండగానే పై వాటాలోంచి బావగారు అంతోని దిగివచ్చాడు.

అంతోని శౌరయ్యకు అన్న. ఊళ్లో ఎవరింట్లో ఏది చెడిపోయినా నోటితో బాగుచేయగల సమర్థుడు. ఓసారి చర్చి పండక్కి మైకు మొరాయిస్తే, మైకువాడికి గంటసేపు సలహాలు చెప్పి, ఆ గంటా మైకు పలక్కుండా చూసిన ఘనత ఆయనది. తమ్ముడి సమాధి మీద మట్టి ఆరకముందే మరో సలహా మొదలెట్టాడు. సంపూర్ణమ్మ కింద వాటా ఖాళీ చేసి, పైన తమతో తిని, వరండా గదిలో పడుకోవాలి. కింద వాటా గోడౌన్‌కు ఇవ్వాలి. ఆ వాటా తండ్రి బతికుండగానే శౌరయ్యకు పంచి ఇచ్చినదని అంతోనికీ తెలుసు. అందుకే గట్టిగా అడగలేడు, ఊరికే జాలిపడతాడు. ఆయన జాలి గారెల నూనె లాంటిది, ఎక్కడ ముట్టుకున్నా చేతికి అంటుకుంటుంది.

"ఏంటమ్మాయ్, ఇల్లు చెరువు చేశావ్?"

"పైపు కారుతోంది బావగారూ. ప్లంబర్‌ని పిలుస్తాను."

"ప్లంబరా! నేను చచ్చాననుకున్నావా?"

ఆ మాట ఏ ఇంట్లో అంటున్నాడో ఆయనకు తోచలేదు. లుంగీ ఎగ్గట్టి, ఎప్పుడో ఎవరింట్లోనో అడిగి తెచ్చి మళ్లీ ఇవ్వని స్పానరు పట్టుకుని సింకు కిందికి దూరాడు. తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట మాత్రం గుమ్మం దగ్గర ఆగిన పెళ్లికొడుకులా బయటే ఉండిపోయింది. ఆయన వెనకే దిగొచ్చిన భార్య అమలమ్మ చీర కుచ్చిళ్లు తడవకుండా ఎత్తి పట్టుకుని నిలబడింది.

"మా ఆయన చెయ్యి పడితే చాలు సంపూర్ణా, ఇక చూసుకోనక్కర్లేదు."

"మీ ఇంట్లో ఫ్లష్షు బాగైందా అక్కా?" అని మెల్లగా అడిగింది సంపూర్ణమ్మ.

"దానికి బక్కెట్ పెట్టుకున్నాంలే," అంది అమలమ్మ.

అంతోని తెల్ల టేపు చుట్టాడు. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క కట్టాడు. దాని మీద మళ్లీ టేపు చుట్టాడు. పైపుకు కట్టు కట్టినట్టు లేదు, దెబ్బలాటకు వెళ్లొచ్చిన వాడి మోకాలికి కట్టినట్టుంది. చివరికి ప్లాస్టిక్ నట్టును స్పానరుతో బిగించాడు, ఇంకా బిగించాడు, అది టప్పుమంది.

"ఆ చప్పుడొస్తేనే సరిగ్గా పట్టినట్టు," అన్నాడు లోపలినుంచి. "కుళాయి తిప్పు!"

తిప్పింది. ఒక చోట కారేది మూడు చోట్ల కారింది. అందులో ఒకటి నేరుగా ఆయన నోట్లో పడింది. సలహా మధ్యలో ఆగిపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

మొహం తుడుచుకుంటూ లేచి తీర్పు చెప్పాడు. "ఈ వంటిల్లు పనైపోయిందమ్మాయ్. గోడ లోపల లైనంతా పాడైంది. ఒక్కదానివి, నీకెందుకీ బాధ? సాయంత్రం సబ్బుల హోల్‌సేల్ వెంకటసుబ్బారావు గారు గోడౌన్ చూడ్డానికొస్తారు. ఆ అల్మరాలో గిన్నెలన్నీ దించి మూట కట్టి పెట్టు."

వాళ్లు మెట్లెక్కాక సంపూర్ణమ్మ తానే సింకు కిందికి వంగింది. ఆ కట్లన్నీ విప్పి చేత్తో తడిమితే అసలు సంగతి తెలిసింది. గోడలో లైనుకు ఏ రోగమూ లేదు. సింకు మెడ దగ్గర పైపు మెత్తబడి, సాగి, చీలింది. లోపల తెల్లగా గంజి పొర కట్టింది. మరుగుతున్న గంజి రోజూ తన చేత్తోనే పోసింది. వేడికి పైపు ఊరుకుంటుందా? ఆయన ఉంటే ఈ గంజి ఇటు వచ్చేదే కాదు. కొంగుతో కళ్లొత్తుకుని, పాత పైపు ఊడదీసి సంచిలో వేసుకుంది.

వీధి చివర హార్డ్‌వేర్ కొట్టులో అది చూపించి, అలాంటిదే కొత్తది, నట్టుతో, రబ్బరుతో సహా తెచ్చుకుంది. నట్టు ఎక్కించే ముందు రబ్బరు వంకర లేకుండా కూర్చోవాలి. రోజూ కుక్కర్ మూతకు రబ్బరు వేసే చేతికి అది కొత్త విద్యేం కాదు. చేత్తోనే బిగించి, పైపు రెండో కొస నేలలోని గొట్టంలోకి దింపింది. బిందెడు నీళ్లు పోసింది. కింద పరిచిన పాత న్యూస్‌పేపరు పొడిగానే ఉంది.

సాయంత్రం వెంకటసుబ్బారావు గారిని వెంటబెట్టుకుని అంతోని గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఖాళీ అయినట్టేనండీ. వంటిల్లు ఎటూ పాడైపోయింది..."

వంటింట్లో పొయ్యి మీద చారు కాగుతోంది. సింకులో కుళాయి కింద సంపూర్ణమ్మ కొత్తిమీర కడుగుతోంది. కింద చుక్క లేదు.

అంతోని అల్మరా వైపు చూశాడు. "గిన్నెలు దించమన్నాను కదమ్మాయ్?"

"దించనండీ."

"అంటే?"

"ఇది నా వాటా బావగారూ. నా పొయ్యి నేను వెలిగించుకుంటాను. మీరు పైన తినండి, నేను కింద తింటాను."

వెంకటసుబ్బారావు గారు ముక్కు ఎగబీల్చి, చెప్పులు వేసుకున్నారు. "చారు వాసన సబ్బులకి పట్టేస్తుందండీ. మనుషులున్న ఇల్లు గోడౌనంటారేంటండీ మీరు?"

ఆయన వెనకే గడప దాటుతూ అంతోని ఇంకా ఏదో వివరిస్తూనే ఉన్నాడు. అల్మరాలో పెళ్లినాటి స్టీలు గిన్నెలు, తపేలాలు, శౌరయ్య పేరు చెక్కించిన పళ్లెం వరసన అలాగే ఉన్నాయి. సంపూర్ణమ్మ వాటికి వీపు పెట్టి నిలబడి, చారులో పోపు వేసింది.