చీనీకాయ చెరిపిన అద్భుతం

నేను పాస్టరును, బడిలో చదివింది తక్కువ. వచ్చిన చదువంతా బైబిలు వాక్యమే, అదీ గొర్రెల వెంట తిరుగుతూ కూడబలుక్కుని నేర్చుకున్నది. అలాంటి నాకు పులివెందుల నుంచి ఒక హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసి, "మా బడిలో కెమిస్ట్రీ ల్యాబ్ తెరుస్తున్నాం, సుగుణమ్మ మేడం పేరు పెడుతున్నాం, మీరొచ్చి పది నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. పది నిమిషాలంటే మామూలుగా నేను గొంతు సవరించుకునే సమయం. ఈసారి మాత్రం పది నిమిషాలకు సరుకు లేదు. సుగుణమ్మ మేడం మా సంఘపు బిడ్డే. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో, మిషన్ కాలంలో విశ్వాసంలోకి వచ్చిన ఇంట పుట్టి, మా వైపు ఆడపిల్లల్లో అందరికంటే ముందు రసాయన శాస్త్రం చదివింది. మద్రాసులో పరిశోధన చేసి, అక్కడి పెద్ద కొలువు వద్దని ప్రొద్దుటూరు వచ్చి పాఠాలు చెప్పింది. ఆమె గురించి నాకు సొంతంగా తెలిసింది ఒక్కటే. నా ప్రసంగం ఎంత సాగినా అందరిలా గడియారం చూడకుండా నన్నే చూసేది. అది మెప్పో కాదో ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లను అడిగి, దారిలో ప్రసంగం కూర్చుకుందామని బయలుదేరాను.

చాపాడులో పొద్దున్నే బస్సెక్కితే అరగంటలో ప్రొద్దుటూరు. ఖాళీ కడుపుతో దిగినా ఫర్వాలేదు, బస్టాండు బయట కారం దోశ దొరుకుతుంది. రెండోది అడగకండి, బస్సులో నీళ్లు దొరకవు. అక్కడి నుంచి బంగారు అంగళ్ల వెనక సందులో ఖాదర్ బాషా సారు ఇంటికి నడిచాను. ఆయన మేడం దగ్గర చదివి, ఆమె తర్వాత ఆమె కుర్చీలోనే పాఠం చెప్పి రిటైరైనవారు. టీ ఇచ్చి, మేడం సంగతులు చెప్పారు.

"పులివెందుల పల్లెల్లో బోర్లు కొత్తగా పడతాన్నప్పుడు, నీళ్లు పరీక్ష చేసేదానికి పోయేది అయ్యగారూ. గాజుసామాను గంపలో, గడ్డి మధ్యన. వెనకాల మేము. రైతు 'మా నీళ్లు శానా తీపి' అంటే, 'నాలుకను నమ్మొద్దప్పా, చూసి చెబుదాం' అనేది. ల్యాబులో సామాను లేకపోతే పసుపు, మందారపూలు పెట్టి పాఠం చెప్పేది. 'నేను చెప్పినానని నమ్మొద్దు, చేసి చూడండి.' మొదటి పాఠం అదే, కడపటి పాఠమూ అదే."

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా నేను చెప్పేది సరిగ్గా దానికి ఎదురు: నేను చెప్పినాను, నమ్మండి.

సారు లోపలినుంచి గాజు మూత ఉన్న సీసా ఒకటి తెచ్చారు. మేడం వాడిన సీసానే, కొత్త ల్యాబుకు కానుక. లోపల స్పిరిట్టులో కలిపిన, నీళ్లలాంటి మందు పోసి ఉంది. దాని పేరు నాకు నోరు తిరగలేదు. బైబిల్లోని వంశావళుల పేర్లన్నీ గడగడా చదివే నోరు ఇది.

"సున్నం తగిలితే ఎర్రబడతాది, పులుపు తగిలితే ఆ ఎరుపు పోతాది. పిల్లోళ్లకు చేసి చూపించండి. పేరు చీటీ ఊడిపోయింది, ఒకటి రాసి అతికిస్తా ఉండండి. పేరులేని సీసా కనపడితే మేడం క్లాసంతా నిలబెట్టేది."

"బస్సుకు టైమైంది సారూ. నేనే చీటీ. నన్ను చూస్తే తెలీదా?" అని సంచిలో వేసుకుని వచ్చేశాను.

జమ్మలమడుగుకు ముక్కాలు గంట ప్రయాణం, టికెట్టు కారం దోశకంటే చవక. ఆడవాళ్లకు అదీ లేదు కాబట్టి బస్సు కిక్కిరిసి ఉంటుంది, ముందే ఎక్కండి. ఒళ్లో సంచి, సంచి మీద గ్రంథం పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీట్లో ఎల్లమ్మవ్వ, ఆమె పక్కన కోడలు లచ్చుమి. గొర్రెలు కాసుకునే ఇంటివాళ్లు. అవ్వకు రెండు కండ్లకూ పొర ముదిరింది, ఆ పొద్దు జమ్మలమడుగు ఆసుపత్రిలో ఒక కంటికి ఆపరేషను. ఇదివరకు రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా వచ్చి వెనక్కి పారిపోయిందట. ఈసారీ తప్పించుకుంటే కన్ను దక్కదని డాక్టరు చెప్పాడని లచ్చుమి నాతో మెల్లగా అంది.

"పారిపోతే ఏందిలే, పోను రాను టికెట్టు ల్యాకపాయె," అంది అవ్వ ఆకుకు సున్నం రాస్తూ.

గుంతలో బస్సు ఎగిరింది. సీసా మూత కదిలి సంచి తడిసింది. అవ్వ బాగా వంగి మసక కండ్లతో తడి చూసింది, గ్రంథం చూసింది. మా వైపు సంచిలో సీసా, ఒళ్లో గ్రంథం ఉన్న మనిషంటే ఒక్కటే అర్థం.

"ప్రార్థన నూనెనా అయ్యా?"

నేను కాదనేలోపే కండ్లకు అద్దుకుందామని ఆ తడిని వేళ్లతో తుడిచింది. సున్నం వేళ్లు. ముద్దమందారంలా ఎర్రబడ్డాయి.

బస్సంతా మెడలు చాచి చూసింది. నిజం చెప్పాలంటే నేనూ ఒక్క క్షణం సారు మాట మరిచిపోయాను. ఒక్క సూచన, ఒక్క అద్భుతం చూపించమని దేవుడి ముందు ఎన్ని ఏళ్లుగా మోకాళ్లూనాను. అంతలో ఆ వేళ్లు కంటి దగ్గరికి పోతున్నాయి. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వద్దవ్వా, కన్ను కాలిపోతాది. ఇది బడి మందు."

"బడి మందు ఎర్రగవుతాదా? దేవుడే వచ్చినాడు నాకోసరం. లచ్చుమీ, బస్సు ఆపమను. ఆపరేషను ల్యా ఏం ల్యా."

"అయ్యగారూ, నా నడుముకు రెండు చుక్కలు," అన్నాడు కండక్టరు, చొక్కా పైకెత్తుకుంటూ.

నేను లేచి నిలబడి ప్రసంగించాను. ఇందులో మహిమ లేదు, సున్నం ఉంది అని అరిచాను. నా గొంతు నాకే శత్రువైంది. ఎంత గట్టిగా కాదంటే అంత భక్తిగా చేతులు జోడిస్తున్నారు. "పెద్దోళ్లు అట్లనే తగ్గించుకుంటారు," అన్నాడు వెనక సీటాయన. కండక్టరు మాత్రం సంచి వాసన చూసి, "మా నాయన తాగేదాని మాదిరే ఉండాదే," అన్నాడు. అదొక్కటే నాకు సాయపడిన మాట. లచ్చుమి కండ్లలో నీళ్లు. "మూడోతూరి అయ్యా, ఇంగ నాతో రాదు. ఏదన్నా చెయ్యి."

చెప్పడం అయిపోయింది, ఇంక చెయ్యడమే మిగిలింది. ఆసుపత్రికని లచ్చుమి తెచ్చుకున్న సంచిలో చీనీకాయలున్నాయి, అంటే బత్తాయిలు. ఒకటి ఒలిచి అవ్వ వేళ్లమీద పిండాను. ఎరుపు పలచబడింది. ఇంకో రెండు తొనలు పిండేసరికి పూర్తిగా పోయింది. అవ్వ వేళ్లు కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూసింది.

"చీనీకాయకు పోయే దేవుడేంది?"

అవ్వ వేళ్లు కొంగుకు తుడుచుకుని, మళ్లీ సున్నం రాసి, సంచి తడిని ముట్టింది. ఎరుపు. చీనీ తొన పిండింది. పోయింది. ఇంకోసారి. కండక్టరు కూడా తన సున్నం డబ్బీ తీశాడు. జమ్మలమడుగు వచ్చేసరికి బస్సు సగం ల్యాబు, చీనీకాయలు మిగల్లేదు.

"సరే," అంది అవ్వ చివరికి. "బస్సంతా నీ కాళ్ల మీద పడబోతే నువ్వే కాదంటివి. అట్టాంటోడు అబద్ధం చెప్పడు. ఆపరేషను మంచిదా?"

"మంచిదవ్వా."

"అయితే ఆడికొచ్చి నిలబడు. నేను పారిపోకుండా."

నిలబడ్డాను. ఆమెను లోపలికి తీసుకుపోయేదాకా గేటుకు అడ్డంగా నిలబడ్డాను. ఇలా నాకు పులివెందుల బస్సు తప్పిపోయింది. మీరు తప్పిపోనివ్వకండి, ముద్దనూరు మీదుగా రెండు గంటలు పట్టవచ్చు, తర్వాతి బస్సు ఎప్పుడో డ్రైవరుకూ తెలియదు. పెన్నా వంతెన దాటాక దారంతా ఎండే. పులివెందుల దగ్గరపడుతుంటే చీనీతోటలు కనిపించాయి, చేతులెత్తి మొక్కాలనిపించింది.

నేను చేరేసరికి సభ ముగిసి షామియానా విప్పుతున్నారు. హెడ్మిస్ట్రెస్ పిల్లల్ని మాత్రం ఆపి ఉంచారు. సీసా సగమే ఉందేమని అడిగారు. జరిగింది చెప్పి, సున్నమూ చీనీకాయా తెప్పించాను. పది నిమిషాల ప్రసంగం మూడు మాటల్లో అయిపోయింది: "నమ్మొద్దు, చేసి చూడండి." తానూ మేడం దగ్గరే చదివిన హెడ్మిస్ట్రెస్ నవ్వి, "మేడం క్లాసు ఇట్లనే ఉండేదయ్యా," అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. అన్నీ పరీక్షించి మేలైనది పట్టుకోమని వాక్యంలోనే ఉంది. అది నేను ఎన్నోసార్లు చదివాను, మేడం ఒక్కసారి చదివి పనిలో పెట్టింది. నా ప్రసంగాలప్పుడు నన్నే ఎందుకు చూసేదో కొంచెం అర్థమైంది. ఎర్రబడతానా లేదా అని చూసేదేమో. గేటు దగ్గర నా నంబరు తీసుకున్న లచ్చుమి సాయంత్రం ఫోన్ చేసింది. ఆపరేషను బాగా జరిగిందట. "కట్టు విప్పినాక సీసా ఎత్తుకోని రమ్మంటాంది అయ్యా మా అత్త. మసగ్గా చూసింది లెక్కకు రాదంట. సొంత కంటితో ఇంకోతూరి చేసి చూడాలంట."

పోతాను. మీరు ఈ దారిలో సీసా పట్టుకుని బస్సెక్కేటట్టయితే నాదొక్క సలహా: దానికి పేరు చీటీ అతికించండి. నన్ను చూస్తే తెలుస్తుందిలే అనుకోకండి.