ఇంటర్వ్యూలో బోణీ బేరం

ఆ రోజుల్లో నన్ను బాగా భయపెట్టిన ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ రాలేదు. అది బెంగళూరు పేటలో ఉన్న మా చీరల అంగడికి వచ్చేవాళ్ళ నోట వచ్చేది. "ఏమప్పా, నీ కూతురు ఏం చదువుతా ఉండాది?" అని అడిగితే, "బిజినెస్ ఎకనామిక్స్" అని మా నాన్న గర్వంగానే చెప్పేవాడు. "అది చదివితే ఏమవుతారప్పా?" అనేది రెండో ప్రశ్న. నాన్న నా వైపు చూసేవాడు, నేను మడత విప్పిన చీర వైపు చూసేదాన్ని. (మా లెక్చరర్లు కూడా "స్కోప్ చాలా ఉందమ్మా" అనే దగ్గరే ఆగిపోయేవారు.) బ్యాంకులు, మార్కెట్ రీసెర్చి, ధరలు నిర్ణయించే కొలువులు అని నేను ఏకరువు పెడితే, "ధర పెట్టేదానికి యూనివర్సిటీకి పోవల్లనా? మనం చేస్తా ఉండేది అదే గదా!" అని నాన్న నవ్వేవాడు. నవ్వుతూనే గడువూ పెట్టాడు. చదువు అయ్యేలోగా ఉద్యోగం దొరక్కపోతే నేను అంగట్లో గల్లా పెట్టె ముందు కూర్చోవాలి. అంగడంటే నాకు ఇష్టమే, కానీ జీవితాంతం 'అంగడాయన కూతురు'గా మిగిలిపోతానని బెంగ.

చివరి సెమిస్టరులో మా ఊళ్ళోనే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మేవాళ్ళకు ఏ ధర పెట్టాలో చెప్పడం వాళ్ళ పని. డిమాండు, సప్లై అన్నీ నెమరు వేసుకుంటూ వెళ్ళాను. పొద్దున్నే మొదటి పిలుపు నాదే. గుంటూరు యాసలో మాట్లాడే మేనేజరు తన ఖాళీ కాఫీ కప్పు నా వైపు జరిపి, "ఇది నెగోషియేషన్ రౌండండీ, రిలాక్స్‌డ్‌గా ఉండండి. మీరు సెల్లర్, నేను బయ్యర్" అన్నాడు. కప్పు నాకు ఎంతకు పడిందో కూడా ఆయనే చెప్పాడు. నేను దాని మీద లాభం వేసుకుని ధర చెప్పాను. ఆయన అసలులో సగానికి అడిగాడు. నాణ్యత గురించి నేనొక ఉపన్యాసం మొదలుపెట్టాను. "అయితే వద్దులెండి" అని ఆయన లేచి తలుపు వైపు నడిచాడు. అంతే, నా చదువంతా ఎటు పోయిందో పోయింది. పొద్దున మొదట వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం సాగదని మా ఇంటి నమ్మకం. "రండి సార్, రండి! బోణీ బేరం, మీరడిగినదానికే తీసుకోండి!" అని కేకేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆయన చేతిలోంచి లేని డబ్బు అందుకుని రెండు కళ్ళకూ అద్దుకున్నాను.

"నష్టానికి అమ్మేశారు కదండీ! మీది బిజినెస్ ఎకనామిక్సే కదా?" అన్నాడాయన. ఉద్యోగం పోయిందని తెలిసిపోయింది. "మీరు పోతే ఈ పొద్దంతా ఇంకెవరూ రారు సార్" అన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "ఈ సంగతి కస్టమర్లకు తెలుసా?" అని అడిగాడు. "తెలిసే పొద్దున్నే వస్తారు సార్. మా మేనత్త అయితే వేరేవాళ్ళ అంగళ్ళకు తలుపులు తీయకముందే పోతుంది" అన్నాను. ఇక ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. ఎవరు బేరమాడి సంతోషిస్తారో, ఎవరు ధర అడగడానికే సిగ్గుపడతారో, అన్నీ. చివరికి "మిమ్మల్ని సేల్స్‌లో పెడితే కంపెనీ మూసెయ్యాలి. కస్టమర్ రీసెర్చిలో చేరండి" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న సంతోషం ఆపుకోలేక, పైకి మాత్రం "నష్టానికి అమ్మితే పని ఇచ్చినారా? ఆ కంపెనీ ఎన్నాళ్ళు ఉంటాదో కనుక్కోమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేది నేనే. కప్పు జరుపుతాను, సగానికి అడుగుతాను, వద్దని లేచి నడుస్తాను. పిల్లలు తెలివైనవాళ్ళు. "ఆ ధరకు కుదరదు మేడమ్" అని మర్యాదగా చెప్పి కూర్చుంటారు. మంచి మార్కులే వేస్తాను. కానీ తలుపు దగ్గరికి వెళ్ళేటప్పుడు కొంచెం నెమ్మదిగా నడుస్తాను, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని. ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.