తులం గుండు

ఆ రోజుల్లో ఐర్లండులో ఉద్యోగం లేనివాడు లేడని అందరూ అనేవారు. అందరూ అన్నారంటే నిజమే అయి ఉంటుంది కానీ, ఆ అందరిలో నేను ఎప్పుడూ సరిగ్గా ఇమడలేదు. లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో చేరిన నా స్నేహితులు కార్లు కొంటున్నారు, పెళ్లాలను తెచ్చుకుంటున్నారు. నేనేమో షానన్‌లో, విమానాశ్రయం అవతల, బాసుతో కలిపి నలుగురమే ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తుండేవాణ్ణి. (అక్కడ వాన చూడటం కూడా ఒక పనే. చేరిన కొత్తలో నాకు అంతకంటే పెద్ద బాధ్యత అప్పగించినట్టు గుర్తు లేదు.) చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. దేశమంతా పైకి వస్తుంటే మా కంపెనీ ఒక్కటీ నిదానంగా మునుగుతూ ఉండేది. మునిగే పడవలో కూర్చున్న మనిషికి ఒడ్డున జరిగే బాణాసంచా ఎంత దిగులు పుట్టిస్తుందో నాకు ఆ ఏడాదే తెలిసింది.

మా బాసుకు నేను పెట్టుకున్న పేరు గ్రాండు దొర. ఏం చెప్పినా 'గ్రాండ్' అనేవాడు, అంటే అక్కడి మాటలో 'బాగుంది, సరే' అని. సర్వర్ కాలిపోయిందంటే గ్రాండ్, క్లయింటు ఫోన్ ఎత్తడం లేదంటే గ్రాండ్. ఒకరోజు నన్ను పిలిచి, "స్లైగో దగ్గర ఒక తుపాకుల షాపాయన ప్రోగ్రాం అడిగాడు. మన దగ్గర మిగిలిన కాంట్రాక్టు ఇదొక్కటే. ఆయన సరే అంటే ఉంటాం, కాదంటే తలుపులు మూసేస్తాం. గ్రాండ్?" అన్నాడు. నేనూ అలవాటు కొద్దీ "గ్రాండ్" అన్నాను. సీట్లోకి వచ్చి కూర్చున్నాకగానీ ఆ మాట బుర్రకెక్కలేదు. నా వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీద ఉంది. తలుపులు మూస్తే నేను పెట్టె సర్దుకుని ప్రొద్దుటూరు బస్సు ఎక్కాల్సిందే.

పని వినడానికి చిన్నదే. పెద్ద జంతువుల వేటకు మాగ్నమ్ అనే బలమైన రైఫిల్ కొనేవాళ్లకి ఎంత బరువు గుండు వాడాలో తేలదట. తేలిక గుండు వేగంగా పోతుంది, కానీ పెద్ద ఎముక తగిలితే చిట్లిపోవచ్చు. బరువు గుండు నెమ్మదిగా పోతుంది, త్వరగా కిందికి వాలుతుంది, కానీ తగిలితే లోతుగా దిగుతుంది. జంతువునూ దూరాన్నీ గుండు బరువునూ ఎంచుకుంటే, అది గాల్లో ఎలా పోయి ఎక్కడ తగులుతుందో తెర మీద చూపించాలి. ఇంతా చేసి ఈ పని ఎవరి చేతిలో పడిందంటే, ఇంట్లో కోడిగుడ్డు పగిలితే స్నానం చేసే కంసాలి వంశంలో పుట్టిన నా చేతిలో.

షాపు కేటలాగులో ప్రతి గుండు పక్కనా ఒక అంకె, దాని పక్కన జీ, ఆర్ అని రెండక్షరాలు ఉన్నాయి. నూట యాభై, నూట ఎనభై, రెండు వందల ఇరవై. మా ఊళ్లో బిస్కెట్ పొట్లం నుంచి పళ్లపొడి డబ్బా దాకా ఆ రెండక్షరాలకు ఒకటే అర్థం. నేను హాయిగా గ్రాములు అని రాసుకున్నాను. నూట ఎనభై గ్రాములంటే చేతిలో పట్టే బంగాళాదుంపంత అవుతుంది కదా అని అనుమానం రాకపోలేదు. కానీ నేను గుండు చూసిన పాపాన పోలేదు. పైగా షాపాయన మొదట అడిగిన జంతువు కెనడా దుప్పి, గుర్రం కంటే ఎత్తు. దానికి ఆమాత్రం ఉండొద్దూ అనుకున్నాను.

నాతో ఇల్లు పంచుకున్నాయన వరంగల్ మనిషి, మెడికల్ పరికరాల ఫ్యాక్టరీలో పని. వరసేమీ లేకపోయినా మామా అని పిలిచేవాణ్ణి. ఆయన పప్పు తాలింపు వేస్తుంటే నా గోడు చెప్పుకున్నాను.

"యా గుండేసినా దుప్పి ముందర్నే పడిపోతాండాది మామా. గడ్డిలో పడి ఆగిపోతాది."

"ఎంతుంటదిరా గా గుండు?"

"నూట ఎనభై గ్రాములు."

ఆయన గరిటె ఆపి నా వంక చూశాడు. "గంత బరువుంటే తుపాకెందుకురా? చేత్తోని ఇసిరేస్తే సరిపాయె గద."

మనిషన్నవాడికి అక్కడైనా బుద్ధి రావాలి. నాకు రాలేదు. లెక్క మూడుసార్లు సరిచూసుకున్నాను, తప్పు దొరకలేదు. (తప్పు లెక్కలో లేదు మరి.) వేట అంత కష్టమైన విద్య కాబట్టే రాజులు దాన్ని గొప్పగా చెప్పుకున్నారని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఉన్న టైమంతా దుప్పి కొమ్ములు అందంగా గీయడానికి ఖర్చుపెట్టాను. గుండు గడ్డిలో పడ్డప్పుడు అది తలెత్తి ఇటు చూసేలాగా, ఒక్క క్షణం ఆగి మళ్లీ మేతలో పడేలాగా చేశాను. ఆ చూపు బాగా కుదిరింది.

చూపించాల్సిన రోజు రానే వచ్చింది. షాపాయన బాగా పొడుగు మనిషి, వానలో తడిసిన కోటు, నిదానమైన నడక. మనసులోనే తుపాకుల తాత అని పేరు పెట్టేశాను. కెనడా వెళ్లి ఒక్క దుప్పిని వేటాడాలని ఆయనకి వయసులో ఉన్నప్పటి నుంచీ కోరికట. నూట ఎనభైయా, రెండు వందల ఇరవయ్యా అన్నది మాత్రం తేలలేదట. "పెళ్లికూతుర్ని ఒక్క సాయంత్రంలో ఎంచుకున్నాను. దీన్ని ఇప్పటికీ ఎంచుకోలేకపోతున్నాను" అన్నాడు.

నేను నూట ఎనభై నొక్కాను. తెర మీద తుపాకీ పేలింది. గుండు నాలుగు బారలు ఠీవిగా పోయి, నీరసం వచ్చినట్టు వంగి, గడ్డిలో పడింది. దుప్పి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది. రెండు వందల ఇరవై నొక్కాను. ఇంకా ముందే పడింది. దుప్పి మళ్లీ చూసింది. గ్రాండు దొర ముఖం గోడకు వేసిన సున్నంలా ఉంది. నా పర్మిట్ ఆ గడ్డిలోనే ఎక్కడో పడిపోయిందని నాకు అర్థమైంది.

అప్పుడు తాత నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత కోటంతా కదిలేలా, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వి, జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. "నూట ఎనభై అంటే ఇది బాబూ. గ్రాములు కాదు, గ్రెయిన్లు." రాగి రంగులో, చిటికెన వేలిలో సగం కూడా లేదు. నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అరచేతిని చూస్తూ ఉండిపోయాను. అంతలో నోరు దానంతటదే అంది, "తులం."

చిన్నప్పుడు ఊళ్లో మా తాత కళ్లు మూసుకోమని నా చేతిలో బంగారం పెట్టి ఎంతో చెప్పమనేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఇప్పటి పది గ్రాముల తులం కాదు, ఆనాటి నిండు తులం. తర్వాత తెలిసింది, ఆ పాత తులాన్ని ఇంగ్లీషువాళ్లు సరిగ్గా నూట ఎనభై గ్రెయిన్లకే ఖాయం చేశారట. గ్రెయిన్ అంటే గింజ, గ్రాములో సుమారు పదిహేనో వంతు. గురిగింజలతో బంగారం తూచిన ఇంట్లో పుట్టి, నేను గింజను పట్టుకుని గ్రాము అన్నాను.

వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెబితే తుపాకుల తాత శ్రద్ధగా విన్నాడు. "అయితే నువ్వు దేన్ని ఎంచుకుంటావు?" అని అడిగాడు. దుప్పి గురించి నాకేం తెలుసు. "ఇదే. చెయ్యి దీన్ని గుర్తుపట్టింది" అన్నాను. ఆయన తలూపాడు. "ఇన్నాళ్లకు తేలింది" అని గుండు వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "నీకు లైసెన్సు లేదు. గార్డులు పట్టుకుంటారు." (గార్డులంటే అక్కడి పోలీసులు. ఆ సమయంలో వాళ్లు పట్టుకుపోయినా బాగుండేదనిపించింది.)

"అరగంటలో సరిచేస్తానండీ. ఈసారి దుప్పి తప్పకుండా పడిపోతుంది" అన్నాను. ఆయన తెర మీద మేస్తున్న దుప్పిని వేలితో చూపించాడు. "వద్దు. అలాగే ఉండనీ" అన్నాడు. తర్వాత ఛాతీ మీద కోటును తట్టి చెప్పాడు. గుండెకు మిషను పెట్టారట. మాగ్నమ్ పేలేటప్పుడు భుజాన్ని తన్నే తన్నుకు అది ఆగదని, ఇక తుపాకీ భుజాన పెట్టొద్దని డాక్టరు చెప్పేశాడట. షాపు అమ్మేశాడట, కొన్నవాళ్లకు ప్రోగ్రాం అక్కర్లేదట. ఆ మాట చెప్పి పోదామనే వచ్చాడు. వచ్చాక, ఒక్కసారి చూసి పోదామనిపించిందట.

గ్రాండు దొర నోరు తెరిచాడు. ఆ ఒక్కరోజూ ఆయనకు గ్రాండ్ అనే మాట రాలేదు. తాత మాత్రం ఆ తప్పుల ప్రోగ్రామునే కాపీ చేయించుకుని, కోటు లోపల దాచుకుని వానలోకి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకి మా తలుపులు మూశారు. మామ నన్ను ఎయిర్‌పోర్టులో దింపుతూ "ఫికర్ జెయ్యకు, మల్లొస్తవ్ తియ్" అన్నాడు. నాకు మాత్రం చాలా ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా.

కొన్నేళ్లకు నిజంగానే మళ్లీ వచ్చాను. ఇప్పుడు నేనూ లీక్స్‌లిప్ మనిషినే. గ్రాండు దొర ఒకసారి కనిపించి, తుపాకుల తాత పోయాడని చెప్పాడు. వాన పడ్డప్పుడల్లా ఆ ప్రోగ్రాం పెట్టుకుని కూర్చునేవాడట, అంటే దాదాపు రోజూ. నిరుడు ఊరెళ్లినప్పుడు మా అమ్మాయికి బంగారు గొలుసు కొందామని కొట్టుకు పోయాం. నేను గొలుసును అరచేతిలో వేసుకుని కళ్లు మూసుకున్నాను. "డాడ్, దే హావ్ ఎ మెషీన్ ఫర్ దట్" అంది మా అమ్మాయి, అచ్చం ఐరిష్ యాసలో. నాకు అప్పుడు బరువు తెలియలేదు. మూసిన కళ్ల ముందు, ఎక్కడో స్లైగో దగ్గర, గడ్డిలో మెత్తగా ఏదో పడింది. దుప్పి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది. గింజకూ గ్రాముకూ తేడా తెలియని ఆ కుర్రాణ్ణి నాలుగు తిడదామనుకున్నాను. నోరు తెరిస్తే 'గ్రాండ్' అని వచ్చింది.