మంచుకొండల పురుగుల పెట్టె

కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో ఒక్క గదికి మాత్రం ఏసీ ఆపేవాళ్ళు కాదు. అందులో ఉండేవి చచ్చిన పురుగులు. ఇంటి యజమానిని బాబా అనేవాళ్ళం. ఆయన ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో వాటిని పట్టుకొచ్చి, గుండుసూదులు గుచ్చి, అద్దాల పెట్టెలో దాచుకున్నాడు. మన దీపం పురుగుల జాతే గానీ, పట్టపగలు ఎండలో ఎగురుతాయట. పైరెక్కలు బూడిదరంగు, కింది రెక్కలు పచ్చటి పసుపు. చల్లటి చోట పుట్టినవి, వేడికి పాడవుతాయని ఆయన భయం. నేను వంటింట్లో ఫ్యాను కింద పడుకునేదాన్ని. చచ్చినవాటికున్న భోగం నాకు లేదే అని నవ్వుకునేదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక ఇంటివాళ్ళు సౌదీకి బయల్దేరారు. నన్నూ తీసుకుపోతామన్నారు. నా పాస్‌పోర్టు బాబా సంచిలో ఉంది, ఆ కారెక్కితేనే నాకు బతుకు. తెల్లారగానే వెనక సీట్లో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. అప్పుడు ఇంటావిడ, అక్కడ పనివాళ్ళం మామా అని పిలిచే ఆమె, వెనక్కి తిరిగి, "పురుగుల పెట్టె మరిచిపోయాం, తీసుకురా" అంది.

పరిగెత్తాను. పెట్టెకు నా మంచి చీర చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి అందించాను. బయల్దేరాక వెనక్కి వస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి పోవాలని మా కడప వైపు ఆచారం. దారంతా సైనికులు. అందరి మంచికేనని లోపలికెళ్ళి రెండు గుక్కలు తాగాను. బయటికొచ్చేసరికి కారు లేదు.

పక్కింట్లో వంటచేసే మా ఊరామె నెత్తీనోరూ కొట్టుకుంది. "నీల్లు తాగేదానికి ఇదేనా టైము? యల్లా, పదండి అన్నాక ఎక్కి కూచోవాల గదమ్మే!"

ఆమె వెంటే బాగ్దాద్ మీదుగా జోర్డాన్ గుడారాలకు చేరి, ఎండకు మాడి, ఎలాగో ఇంటికొచ్చి పడ్డాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

యుద్ధం అయ్యాక అదే మామా మళ్ళీ వీసా పంపింది. కడుపు కాలేవాళ్ళకు పౌరుషమెక్కడిది, వచ్చాను. పెట్టె గోడమీద, ఏసీ కింద చల్లగా ఉంది.

"ఆరోజు నేను నీళ్ళకని లోపలికి పోకుండా ఉంటే..." అన్నాను.

"ఏం నీళ్ళు?" అంది మామా. "నువ్వుంటే పెట్టెకు చోటు చాలదు. దిగమంటే ఏడుస్తావని, నీచేతే తెప్పించాను."

ఒళ్ళు భగ్గున మండింది. ఆమె ముఖాన ఉమ్మెయ్యాలనిపించింది. ఆమె మాత్రం పెట్టె వైపే చూస్తోంది.

"ఒకదాని రెక్క విరిగింది చూడు. నువ్వు సరిగ్గా చుట్టలేదు."