సున్నపు గీతకు ఇవతల

ఉదయం ఏడుంపావుకు నంద్యాలలో బస్సెక్కాను. ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డలో దిగాను. అక్కడి నుంచి కోవెలకుంట్ల దోవన ఆటోలో నలభై నిమిషాలు. నల్లరేగడి చేలు అయిపోయి ఎర్రగుట్టలు మొదలయ్యే చోట కంకర క్వారీ ఉంది. భుజాన పన్నెండు బోరు తుపాకి, సంచిలో లైసెన్సు కాగితాలు, రెండు జతల బట్టలు.

సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చాను. ఇది ఏడాది కాంట్రాక్టు. క్వారీలో రాళ్లు పేల్చే మందుగుండు దాచిన గోదాముకు కాపలా. ముళ్లకంచె లోపల మధ్యలో గోదాము, ఉత్తరాన కాపలా మంచె, దక్షిణాన గేటు. గేటు బయట రోడ్డు, రోడ్డుకు అవతల కూలీలు అన్నం తినే రేకుల షెడ్డు. పగటి డ్యూటీ ఆరు నుంచి ఆరు. మంచె మీద నేను, గేటు దగ్గర ఏసురత్నం. అతనూ తుపాకి లైసెన్సున్న కాపలాదారే. వయసు యాభై నాలుగు, వాళ్ల ఊరి చర్చిలో పాటలు పాడతాడు. గోదాము తాళాలు సుబ్బన్న దగ్గర ఉండేవి. అందుకే అందరూ ఆయన్ను తాళాల సుబ్బన్న అనేవారు.

మొదటి రోజే సుబ్బన్న ఒక మాట చెప్పాడు. "ఈ సరుకు ఒక్క పెట్టె బయటికి పోతే ఎవురింటి ముందర పేలుతాదో తెల్దు. మన సీమ సంగతి నీకు తెలీందేముంది."

రెండో వారంలో అనుమతి తీసుకుని ఏసురత్నం, నేను నంద్యాలలో పోలీసుల ఫైరింగ్ రేంజికి వెళ్లాం. ముప్ఫై గజాల దూరంలో చెక్కబొమ్మ. తలా ఐదు తూటాలు. ఏసురత్నానికి ఒక్కటీ తగల్లేదు. నాకు రెండు తగిలాయి, అవీ అంచున. మిగతావి మట్టిలోకి పోయాయి. సైన్యంలో చివరి ఆరేళ్లు స్టోర్సులో గడిపాను. తుపాకులు లెక్కబెట్టాను తప్ప పేల్చలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

రేంజి చూసే హెడ్ కానిస్టేబులు బొమ్మ దగ్గరికి పోయి చూసి వచ్చాడు.

"ఆర్మీలో పదిహేడేండ్లు చేసినానంటివి. ఆ సంగతి తుపాకికి యాడ తెలుస్తాదప్పా? దినామూ పట్టుకుంటేనే దానికి నువ్వు గుర్తుంటావ్."

సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి.

మరుసటి పొద్దు నుంచి ఆరు గంటలకు అభ్యాసం మొదలుపెట్టాం. తూటాలు తీసి పక్కన పెట్టాలి. నాళం ఖాళీగా ఉందని ఒకరిది ఒకరు చూడాలి. తర్వాత అరగంట సేపు మోకాలి మీద కూర్చోవడం, తుపాకి భుజానికి ఆనించడం, గుట్ట మీది తెల్లరాయికి గురి పెట్టడం, దించడం. నేల మీద సున్నంతో గీతలు గీశాం. ఏ చోటి నుంచి ఎటు కాల్చకూడదో ఆ గీతలు చెబుతాయి. గోదాము వైపు ఎప్పటికీ కాల్చకూడదు. మంచె మీద నుంచి గేటు వైపు కూడా కాల్చకూడదు. ఆ దిక్కున షెడ్డులో మనుషులుంటారు.

ఏసురత్నం గొణిగేవాడు. "ఏంటికన్నా ఇదంతా? ఇదేమన్నా బార్డరా? మోకాళ్లు పట్టుకుంటాండాయి."

"నొప్పి తెలిసేది ఈడనే తెలవనీలే," అనేవాణ్ని.

మూడు నెలలకొకసారి రేంజికి వెళ్లాం. మూడోసారి ఏసురత్నానికి ఐదుకు నాలుగు తగిలాయి. ఆ రోజు ఆళ్లగడ్డ బస్టాండులో నాకు మిరపకాయ బజ్జీలు తినిపించాడు.

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండూ నలభై. గాలి లేదు. మంచె మీది ఇనుప కమ్మీ చేత్తో ముట్టుకోలేనంత కాలుతోంది. కూలీలంతా షెడ్డులో ఉన్నారు. గేటు ముందుకు తెల్లజీపు ఒకటి వచ్చి ఆగింది. అందులో ముగ్గురున్నారు. సరుకు తీసుకుపొమ్మని ఇంజనీరు పంపాడన్నారు. ఏసురత్నం కాగితం అడిగాడు. మాటలు విని సుబ్బన్న గేటు దాకా వచ్చాడు. అంతే. ఒకడు ఆయన మెడ పట్టి లోపలికి తోసి గొంతు మీద కొడవలి పెట్టాడు. రెండోవాడు నాటు పిస్తోలు తీశాడు. మూడోవాడు డ్రైవరు, జీపులోనే ఉన్నాడు.

ఏసురత్నం గేటు పక్కన రాతిగోడ వెనక్కి దూకాడు. పోలీసులకు ఫోన్ చేయమని క్వారీ ఆఫీసుకు వైర్‌లెస్‌లో చెప్పాను. తర్వాత గేటును పిలిచాను.

"గేట్. మంచె."

"చెప్పన్నా."

"నాకు కాల్చే లైను లేదు. వెనక షెడ్డుంది. నీకు?"

"నేనుండే మూల నుంచి జీపుకు వెనకాల గుట్టే ఉండాది. మనుషుల్లేరు."

"వాడు కాల్చేదాకా కాల్చొద్దు."

"అట్లనే."

కొడవలివాడు సుబ్బన్నను ముందు పెట్టుకుని గోదాము వైపు నడిపిస్తున్నాడు. నా తుపాకి వాడి మీదే ఉంది. కానీ పన్నెండు బోరు తూటాలో ఉండేది ఒక్క గుండు కాదు. గింజలు చెదిరి సుబ్బన్నకూ తగులుతాయి. పైగా మధ్యలో గోదాము, వాళ్ల వెనక షెడ్డు. మీట మీదికి వేలు పోనివ్వలేదు. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

పిస్తోలువాడు జీపు తలుపు చాటున నిలబడి ఏసురత్నం ఉన్న గోడ మీదికి కాల్చాడు. రాయి పెచ్చు లేచింది. తలుపు కింద వాడి కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఏసురత్నం మోకాలి మీద కూర్చున్నాడు. తుపాకి భుజానికి ఆనింది. ఒక్కటే దెబ్బ. వాడు పిస్తోలు వదిలేసి కూలబడ్డాడు.

"కొడవలి కింద పడేయ్," అని మంచె మీద నుంచి అరిచాను.

కొడవలివాడు వెనక్కి తిరిగి చూశాడు. సుబ్బన్నను తోసేసి జీపు వైపు పరుగెత్తాడు. వాడి వీపు నాకు పూర్తిగా దొరికింది. కాల్చలేదు. పారిపోయేవాడి వల్ల మాకు ప్రాణభయం లేదు. వాడి ముందర షెడ్డు కూడా ఉంది. వాడూ డ్రైవరూ కలిసి దెబ్బతిన్నవాణ్ని జీపులోకి లాక్కున్నారు. జీపు వెళ్లిపోయింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మూడూ ఇరవైకి పోలీసులు వచ్చారు. కోవెలకుంట్ల దాటకముందే ముగ్గురూ దొరికారని సాయంత్రం తెలిసింది. గాయపడ్డవాడు బతికాడు. ఆ మాట విన్నాక ఏసురత్నం గోడకు ఆనుకుని కూర్చుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

"సచ్చింటే నేను మళ్లా సర్చిలో యాడ పాడేది అన్నా," అన్నాడు.

విచారణ జరిగింది. తూటాలు లెక్క చూశారు, గోడ మీది పెచ్చు చూశారు, సున్నపు గీతలు కూడా ఫోటో తీసుకున్నారు. ముందు కాల్చింది వాళ్లేనని తేలింది. ఏసురత్నం తుపాకి తిరిగి ఇచ్చారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

ఏడాది నిండింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆత్మకూరు, అక్కడి నుంచి మా ఊరు. ఇప్పుడు మా వాళ్లు కొందరు వచ్చి, దొంగల భయముంది, తుపాకి లైసెన్సు తీసుకోవాలా అని అడుగుతుంటారు. నేను ఒకటే అడుగుతాను: "దినామూ అరగంట దానికిస్తావా?" ఇవ్వలేనన్నవాణ్ని మంచి తలుపు, మంచి కుక్క పెట్టుకొమ్మంటాను. అభ్యాసం లేనివాడి చేతిలో తుపాకి ముందు ఇంటివాళ్లకే ప్రమాదం. ఆ రోజు మమ్మల్ని కాపాడింది ధైర్యం కాదు. నాకైతే భయమేసింది. పని చేసినవి చేతులు. వాటికి మాత్రం దారి తెలుసు.

అంతా మరిచిపోయినా ఒక్కటి నన్ను వదలదు. జీపు వెళ్లిపోయిన రెండు నిమిషాలకు నేను మంచె దిగి వచ్చాను. సుబ్బన్న గోదాము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గొంతు మీద దారమంత ఎర్రటి గీత. ఒక చేత్తో దాని మీద తువ్వాలు అదుముకున్నాడు. రెండో చేతిలో ఫోను. అవతల ఆయన భార్య. ఎండలకు క్యారియరులో పప్పు పాసిపోయిందేమోనని అడుగుతోంది. ఆయన ఇంకా మూత కూడా తీయలేదు.

"లేదులే మే," అన్నాడు సుబ్బన్న నిదానంగా. "బాగుండాది. అంతా తిన్యా."