పసుపు దారం

నిప్పు లేకుండానే నీళ్లను మరిగించే పదార్థాలను పుట్టించి, వాటిని గుర్తుపట్టే గుణం పసుపులో పెట్టిన దేవునికి స్తోత్రం. ఆయన పనులు ఎంత చూసినా తనివి తీరదు.

మొన్న కల్లూరులో మా మనవడి ఇంట్లో మోరీ శుభ్రం చేసే పొడి డబ్బా మూత తీయగానే, కాలిన సున్నంలాంటి ఘాటు ముక్కుకు తగిలింది. అంతే, నేను నందికొట్కూరు దగ్గరి మా ఊళ్లో, తెల్లదొరల కాలంలో, రంగుల కొట్టం గడప మీద అచ్చనగాయలు ఆడుకునే పిల్లనైపోయాను.

ఆ కొట్టంలో మా నాయన దావీదు, ఖాసీం మామ కలిసి సాలెవాళ్ల నూలుకు నీలి అద్దేవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు, నేలలో పాతిన బానల్లో నీలిమందు, సున్నం, చౌడు నీళ్లు, బెల్లం కలిసి పులుస్తుంటే ఆ వాసన మా జొన్నరొట్టెలకు కూడా అంటుకునేది. బానలో ముంచి తీసిన నూలు చిలకపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ నీలమయ్యేది. ఆ మార్పు ఏ క్షణంలో వస్తుందో పట్టుకోవాలని రెప్ప వేయకుండా చూసేదాన్ని, ఎన్నడూ పట్టుకోలేకపోయాను. బాన పక్వానికి వచ్చిందో లేదో మాత్రం నాయన నాలుకే చెప్పేది. వేలు ముంచి నాలుకకు తాకించి, కళ్లు మూసుకుని, "ఇంకా నాలుకను కరస్తా లేదు" అనేవాడు.

"ఏం దావీదప్పా, పెండ్లి పులుసు చూసినట్ల చూస్తాండావు! ఉప్పు సరిపోయిందా?" అని ఖాసీం మామ నవ్వేవాడు.

ఆ నాలుకతోనే నాయన ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేవాడు. మా సంఘంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. ఆయన ఎట్లా పాడితే అందరూ అట్లాగే అందుకునేవాళ్లు.

ఒక ఏడు చౌడుకు బదులు డోన్‌లో రైలు దిగి, దొరల దేశపు సీమ సోడా వచ్చింది, రేకు డబ్బాలో, పటికబెల్లంలా తెల్లటి ముక్కలు. నీళ్లలో వేయగానే బుసకొట్టి, బాన అంచు చేయి పెట్టలేనంత వేడెక్కింది.

"నిప్పు యాడుండాది నాయనా?" అని అడిగాను.

"అదే చూడాల," అంటూ ఆయన కూడా నాలాగే వింతగా వంగి చూశాడు. అలవాటుగా వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

కేక కూడా రాలేదు. పెదవులు తెల్లబడ్డాయి. ఖాసీం మామ ఆయన తల వంచి పట్టుకుని, కుండల కొద్దీ నీళ్లు నోట్లో పోసి ఉమ్మించాడు. ఆ పైన ఎన్నో రోజులు నాయనకు చల్లారిన అంబలే తిండి. ఆదివారం గుడిలో అందరూ ఆయన వైపే చూస్తూ కూర్చున్నారు. పాట లేవలేదు. బయట మేకల మెడగంటలు వినబడ్డాయి.

పుండు మానీ మానకముందే ఆయన కొట్టానికి పోయి మళ్లీ వేలు ముంచబోయాడు. మా అవ్వ, అంటే ఆయన తల్లి, చేయి పట్టుకుంది.

"నాలుక చెప్పకుంటే బాన సంగతి ఎట్ల తెలుస్తాదిమా?" అన్నాడు, మాట ముద్దముద్దగా. ఇంకోసారి కాలితే పాట పోతుంది, రుచి చూడకపోతే పని పోతుంది. ఆయన భయం అది.

"రుచి చూడమని బైబిలు కీర్తన చెప్పింది దేవుణ్ని రా, సోడాను గాదు!" అని అవ్వ గదిమింది. "పసుపు మరకైన కోకను చౌడుతో ఉతికితే ఎర్రబడ్తాది గదా?" అంటూ నూలుపోగుకు పసుపు పూసి, పుల్లకు కట్టి బానలో ముంచింది. పోగు ఎర్రగా మారింది, అంటే బాన కరుస్తున్నట్టే.

"పసుపుకెట్ల తెలుస్తాది అవ్వా?"

"దేవుడు చెప్పింటాడు. నువ్వు అవతలికి జరుగు."

ఆనాటి నుంచి పసుపు దారమే నాలుకైంది. సోడాను ఒకే కొబ్బరిచిప్పతో కొలిచి కొంచెం కొంచెంగా నీళ్లలోకి వేయడమే తప్ప, సోడా మీద నీళ్లు పోసేవాళ్లు కాదు. పక్కన మంచినీళ్ల కుండ ఎప్పుడూ నిండుగా ఉండేది.

కోతల పండుగకు నాయన లేచి నిలబడి పాట ఎత్తుకున్నాడు. ఆయన నాలుకకు 'ర' సరిగా తిరగలేదు. ఎప్పటిలాగే అందుకున్న సంఘమంతా ఆయన పలికినట్టే పలికింది. ఎవరూ నవ్వలేదు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, బానలు పూడ్చేశారు. గుడిలో అచ్చుపుస్తకం చూసి అందరూ 'ర' చక్కగా పలుకుతారు. నా నోట మాత్రం ఆ పాట నాయన పలికినట్టే వస్తుంది. మీరూ నాతో కలిసి ఒక్క ప్రార్థన చేయండి: ప్రభువా, ఘాటు మందుల మధ్య పనిచేసే ప్రతివాళ్ల కళ్లను, చేతులను, నాలుకను కాపాడు. వేలు ముంచే లోపల చేయి పట్టుకునే అవ్వను ప్రతి కొట్టానికీ పంపు. ఆమేన్.